ఆ పంకాయే ఈ పంకా

పాత విద్యుత్పంకాలను, పాత మోటారులను వెదకి తెచ్చుకొని, తుడిచి, విప్పి, అవి ఏ దేశమున, ఏ కర్మాగారమున, ఏ దశాబ్దమున పుట్టినవో నిర్ణయించుటయే జీవితమునకొక వేడుకగా చేసికొన్నవారు లోకమున కొందరు కలరు. అమెరికాలో అట్టివారికొక సంఘము కూడ నున్నది. వేసవి వచ్చినదనగా రెంటచింతల యెండలు వార్తలకెక్కు పల్నాటిసీమలో, గాలి తగులుచున్నదా లేదా అని తప్ప ఫ్యానును గూర్చి వేరొక ప్రశ్న వేయుట విలాసముగా తోచవచ్చును. అయినను ఆ వేడుక కడుపులో ఒక తత్త్వప్రశ్న దాగియున్నది. భాగములన్నియు మారిన పిమ్మట వస్తువు అదే వస్తువా, కాదా? అదే యని చెప్పుటకు ఆధారము వస్తువులో నున్నదా, మనలో నున్నదా? కృష్ణాతీరమున ఇక్ష్వాకులకు విజయపురి రాజధానిగా వెలసిన నాళ్లలో ఇచ్చటి విహారములలో నివసించిన భిక్షువులకు ఇటువంటి ప్రశ్నలే నిత్యవ్యాసంగము గనుక, నరసరావుపేట నడివీధిలో నిలిచి ఈ మాట యెత్తుట అంత అసందర్భము కాదని నా నమ్మకము.

గుర్తించుట యనగా, ఎదుటనున్న వస్తువును చూచి, ఎప్పుడో ఎక్కడనో చూచినదానిని తలచుకొని, "అదియే ఇది" యని తీర్పు చెప్పుట. మన దర్శనకారులు దీనిని ప్రత్యభిజ్ఞ యనిరి. ఇందులో ప్రత్యక్షమెంత, స్మృతి యెంత, రెండును కలిసి ఒక్క జ్ఞానమెట్లగును అని తరతరములు వాదించుకొనిరి. ఆనాడు ఆ యూర చూచిన దేవదత్తుడే ఈనాడు ఈ యూర కనబడుచున్నాడను మాటను వేదాంతులు తీసికొని, అందలి దేశకాలములను విడిచి, మనుష్యుని మాత్రము నిలుపుకొన్నచో ఐక్యము సిద్ధించునని చూపి, ఆ త్రోవనే జీవబ్రహ్మైక్యము వరకు నడచిరి. అయితే దేవదత్తునకు నోరున్నది. సందేహము కలిగినచో అతనినే అడుగవచ్చును. పంకాకు నోరు లేదు. దానికి బదులు, మోటారు వీపునకో పీఠమునకో రెండు మరమేకులతో బిగించిన చిన్న ఇత్తడి రేకొకటి యుండును.

సేకర్త చేయి మొదట ఆ రేకుమీదనే పడును. ఎవరో ఎప్పుడో పూసిన ఆకుపచ్చ రంగు, దానిక్రింద నల్లరంగు, వాటినడుమ వంటింటి జిడ్డు. కిరసనాయిలుతో తడిపిన గుడ్డను మెల్లగా ఆడించినకొలది అక్షరములొక్కొక్కటిగా తేలును: చేసినవారి పేరు, వరుససంఖ్య, వోల్టులు, ఆంపియరులు, సైకిల్సు. ఈ చివరి మాట మిక్కిలి సాక్ష్యము చెప్పును. విద్యుత్తు సెకనునకెన్నిమారులు దిక్కు మార్చి మరల మొదటి దిక్కునకు వచ్చునో చెప్పుటకు ఇప్పటి రేకులమీద హెర్ట్‌జులని యుండును. సైకిల్సని యుండినచో ఆ రేకు ప్రాయికముగా ఒక తరము వెనుకటిది. ఆ చోట డి.సి. అని యున్నచో మరియు వెనుకకు పోవలెను. 1952 చట్టము వచ్చిన పిమ్మటగాని ఐ.ఎస్.ఐ. ముద్ర పుట్టలేదు, కావున ఆ ముద్ర గల సీలింగుఫ్యానును తన తాతగారు తెల్లదొరల నాడు కొన్నదని యెవ్వరైన చెప్పినచో తాతగారిని గౌరవించి మాటను మాత్రము నమ్మకుండుట మేలు. అమ్మిన దుకాణము అంటించిన చిన్న బిళ్లమీద బెజవాడ యని యున్నదా, విజయవాడ యని యున్నదా అనునదియు నొక గుర్తే.

రేకు ఊడిపోయినచో శరీరమునే అడుగవలెను. రెక్కలు ఇత్తడివా, ఇనుపరేకువా, అల్యూమినియమువా? ముందరి తీగెల గూడు చిన్నపిల్లవాని చేయి దూరునంత వెడల్పు కన్నులు గలదా, లేక తరువాతి కాలపు భయముతో దట్టముగా అల్లినదా? ఇరుసునకు నూనె పోయు మూతగిన్నెయు, నూనెను పీల్చు ఒత్తియు కలవా, లేక బాలుబేరింగు వేసిరా? మోటారు ప్రక్కలను రెండు చిన్న మూతలుండి, వాటిని త్రిప్పి తీయగా లోపలినుండి బొగ్గు బ్రష్షులు స్ప్రింగుతో సహా బయటికి దూకినచో, లోపల కమ్యుటేటరున్నది. అది చాలమట్టుకు డి.సి. యంత్రము. లోపలి తీగెకు నూలు చుట్టియున్నదా, ఎనామెలు పూతయా? ఈ గుర్తులలో ఏ యొక్కటియు తీర్పు కాదు; పది గుర్తులొక్క త్రోవ చూపినప్పుడు మాత్రము మనస్సు నిలుచును. ఇది మన ప్రమాణశాస్త్రమున అనుమానము చేయు పని. సేకర్తలలో నేను చూచిన మంచివారు పొగను చూచి నిప్పున్నదనుటకు ముందు అది మంచు కాదుగదా అని సరిచూచుకొను నైయాయికులు.

వంశచరిత్ర పెద్దది కాదు. 1882లో అమెరికావాడు స్కైలర్ వీలర్ రెండు రెక్కల బల్లఫ్యానును డి.సి. మోటారుకు తగిలించెను; 1888లో టెస్లాకు ప్రేరణమోటారు పేటెంటులు లభించినవి; 1899లో కలకత్తాకు విద్యుత్సరఫరా వచ్చినది, అదియు డి.సి.యే. ఇటలీనుండి మారెల్లి ఫ్యానులు, ఇంగ్లండునుండి జి.ఇ.సి. ఫ్యానులు ఓడలెక్కి వచ్చి, కలెక్టరు బంగళాలలోను క్లబ్బులలోను పంకా లాగు కూలివాని త్రాడును విడిపించినవి. దేశీయ మోటారు కథలో మనవారి పేరును కలదు: తరతరములుగా కోయంబత్తూరు సీమలో స్థిరపడిన తెలుగువారు జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు 1937లో చేసినదానిని భారతదేశమున తయారైన మొదటి విద్యుత్తు మోటారుగా చెప్పుదురు. ఆంధ్రదేశపు పల్లెలకు కరెంటు ప్రాకుట ప్రధానముగ 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చిన తరువాతి మాట.

పల్నాటిలో పాత ఫ్యాను దొరకినదనగా మొదట వేయవలసిన ప్రశ్న, అది రైలుపెట్టెలోనిది కాదుగదా యని. గుంటూరు మాచర్ల మీటరుగేజి బండ్లలో వ్రేలాడిన ఫ్యానులవంటివి డి.సి.మీద, ఇంటి వోల్టేజికంటె మిక్కిలి తక్కువ వోల్టేజిమీద తిరుగునట్లు చేసినవి. ఇంటికి తెచ్చి ప్లగ్గులో పెట్టినచో తిరుగుటకు బదులు పొగ విడుచును. దొంగకు అక్కరకు రాకుండునట్లు చేసినవని జనులందురు గాని, బండి చక్రమునకు తగిలించిన డైనమో, దానిచే నిండు బ్యాటరీలు డి.సి.నే యిచ్చునవి గనుక ఫ్యానును అట్లే చేసిరి. లోకము కొన్నిచోట్ల సద్బుద్ధిని ఊహించి తృప్తిపడును.

ఇంతవరకు వేడుక. చిక్కు మరమ్మతుతో మొదలగును.

నరసరావుపేటలో నూనెమిల్లులకు, జిన్నింగు మిల్లులకు, పొలము బోరులకు మోటారులుండుటచేత వైండింగు షాపులకు కొదవ లేదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దుమ్మును, నాపరాతి కోతయంత్రముల నీటిని త్రాగి వచ్చిన మోటారులు వాని వాకిళ్లముందు వరుస తీరియుండును. కాలిన మోటారును విప్పగానే మాడిన వార్నిషు వాసన ముక్కు పగులగొట్టును. పనివాడు ఉలితో కాయిళ్ల తలలను నరికి, మిగిలినదానిని గాళ్లలోనుండి లాగివేయును; అయితే నరుకుటకు ముందు ఒక్క కాయిలును జాగ్రత్తగా విప్పి, చుట్లెన్నియో లెక్కపెట్టి, తీగె గేజి కొలిచి, గాళ్లెన్ని, ఏ గాడినుండి ఏ గాడికి దూకినది, కొసలెట్లు కలిపినారు, అంతయు జిడ్డుపట్టిన పుస్తకమున వ్రాసికొనును. పిదప గాళ్లలో కాగితము పరచి, కొయ్య అచ్చుమీద కొత్త తీగె చుట్టి, దించి, వెదురుపుల్లలతో బిగించి, దారముతో కట్టి, వార్నిషు పోసి ఆరబెట్టును. పాత రాగి కాటాకు పోవును. బేరింగులు కొత్తవి, ఫ్యాను మూత కొత్తది, టెర్మినలు పెట్టె కొత్తది.

అట్టి షాపులో కూర్చుండి ఒకనాడు, "ఇప్పుడిది పాత మోటారేనా?" యని నేనడిగితిని.

"కాకపోతే ఎవరి మోటారండీ?" యని పనివాడు తల యెత్తకయే అనెను. "బాడీ అదే, షాఫ్టు అదే. రాగి మారిద్ది, అంతే. రాగి మారితే మోటారు మారిద్దా?"

"రేపు బాడీ పగిలి, అదికూడ మార్చినచో?"

"అప్పుడైనా రైతు నా మోటారే అంటాడు సార్. సర్వీసు ఆయన పేరు మీదే ఉండిద్ది గదా."

ఈ జవాబును నవ్వి విడువరాదు. అతడు తెలిసియో తెలియకయో మూడు సిద్ధాంతములను వరుసగా చెప్పినాడు: వస్తువు తన ద్రవ్యము కాదు, బహుశః తన ఆకృతియు కాదు, దానిని పట్టియున్న సంబంధమే, అది వ్రాయబడిన లెక్కయే దాని ఉనికి. పండితులు ఇంతకంటె మేలుగ చెప్పిరా యని చూతము.

నైయాయికుడు వస్తువునకు గొప్ప మర్యాద చేయును. దారములు వేరు, వస్త్రము వేరు. అవయవములయందు సమవాయసంబంధమున నిలిచియున్న అవయవి సత్యమైన పదార్థము. అయితే ఆ మర్యాదకు వెల కలదు. వస్త్రమునుండి ఒక్క దారము లాగినచో పూర్వవస్త్రము నశించినట్లే. మిగిలిన దారములతో ఖండపటమను వేరొక వస్త్రము పుట్టినది. ఈ లెక్కన రెక్క మార్చిననాడే ఆ పంకా చచ్చినది. బౌద్ధుడు అవయవినే ఒప్పడు. క్షణక్షణము పుట్టి గిట్టు ధర్మముల వరుసయే కలదు, దీపశిఖను చూచి అదే దీపమనుట, కత్తిరించిన పిమ్మట మరల మొలచిన జుట్టును చూచి అదే జుట్టనుట పోలికవలని భ్రాంతి. ఒకరినొకరు శతాబ్దములు ఖండించుకొన్న ఈ యిరువురును మన మోటారు విషయమున ఏకవాక్యతకు వచ్చి, "ఇది అది కాదు" అనుట నాకు ఎప్పుడును వింతయే. జైనులు మాత్రము ద్రవ్యము నిలుచును, పర్యాయములు మారునని, కిరీటమును కరగించి కడియము చేసినను బంగారము బంగారమే యని చెప్పి ఓదార్తురు. కాని వైండింగు షాపులో మారినది బంగారమే, నిలిచినది కిరీటపు ఆకారము. రాగి కాటాకు పోయినది గదా.

మిలిందరాజునకు నాగసేనుడు చెప్పిన రథపు మాట అందరెరిగినదే: ఇరుసు రథమా, చక్రము రథమా, కాడి రథమా, ఇవి కాక వేరొకటి రథమా యని అడిగి, అన్నింటికి కాదనిపించి, చక్రాదులను ఆధారముగ చేసికొని రథమను వ్యవహారము కలుగుచున్నదని తేల్చెను. దీనిని చదివి కొందరు రథమే లేదని చెప్పినాడనుకొందురు. అట్లనలేదు. రథము లేనిచో రాజు కాలినడకను వచ్చియుండవలెను గదా. రాజు రథముమీదనే వచ్చితినని చెప్పెను, భిక్షువు దానిని కాదనలేదు.

ఈ వాదమును తుదిముట్ట నడిపినవాడు నాగార్జునుడు. ఆయన శ్రీపర్వతమున నివసించెనని, ఆ పర్వతమే మన నాగార్జునకొండ యని ఐతిహ్యము. 27 ప్రకరణముల మధ్యమకశాస్త్రమున రెండవది గమనమును గూర్చినది: నడచిన దారిలో నడక లేదు, నడవని దారిలో లేదు, నడచుచున్న దారి యనునది ఈ రెండింటికంటె వేరుగ పట్టుబడదు; ఇక నడక యెక్కడ? సీలింగుఫ్యాను క్రింద పడుకొని ఈ ప్రకరణము చదువుట మంచి అనుభవము. తిరుగుచున్నది మోటారనుకొందుము గాని, కాయిళ్లు చుట్టిన స్టేటరు నడిమి కడ్డీకి బిగింపబడి కదలక యున్నది. బయటి డొల్లయే రెక్కలతో తిరుగుచున్నది. ఆ కదలని కాయిళ్లలో తిరుగుచున్నదేమనగా అయస్కాంతక్షేత్రము, అనగా వస్తువు కాదు, ఒక స్థితి చోటు మారుట. ప్రేరణమోటారులో మరియొక విశేషమున్నది. నాలుగు ధ్రువములు, 50 సైకిల్సు గల మోటారులో క్షేత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. రోటరు దానివెంట పరుగిడును గాని ఎన్నడును అందుకొనదు. రేకుమీద 1440 అని యుండుట అందుకే. అందుకొన్నచో రెండింటి నడుమ తేడా పోయి, ప్రేరణ పోయి, బలమే పోవును. ఆ వెనుకబాటే దాని శక్తి.

ఇంత చెప్పి ఒక హెచ్చరిక చేయవలెను. నాగార్జునునకు ప్రేరణమోటారు తెలియదు, టెస్లాకు మధ్యమకము తెలిసి చేయలేదు. శాస్త్రములలో మోటారును, మోటారులో శాస్త్రములను వెదకి పట్టు పండితులు మన దేశమున కావలసినంతమంది యున్నారు. ఆ వరుసలో చేరుట నాకిష్టము లేదు. చూచుటకు ఒక త్రోవ దొరకినది, అంతమాత్రమే.

నాగార్జునుని నుండి మన సేకర్తకు కావలసిన మాట వేరొకచోట నున్నది. అన్నియు స్వభావశూన్యములైనచో నీ మాటయు శూన్యమే, అది దేనిని ఖండింపగలదని ప్రతిపక్షి యడుగగా, విగ్రహవ్యావర్తనిలో ఆయన చెప్పిన సమాధానమిది: రథము, కుండ, వస్త్రము ఇతరములనుబట్టి పుట్టినవి గనుక శూన్యములే, అయినను రథము కట్టెలు మోయును, కుండ నీళ్లు పట్టును, వస్త్రము చలిని ఆపును. శూన్యత పనికి అడ్డము కాదు. స్వభావమున్నచో వస్తువు మార్పునొందజాలదు, మారనిది పనిచేయజాలదు. తిరిగి చుట్టిన మోటారునుండి నీరు వచ్చుచున్నది. రైతు దానిని తన మోటారని పిలుచుచున్నాడు. ఆ పిలుపు లోకవ్యవహారమున సత్యము.

ఇక్కడనే కపటికి ఆశ పుట్టును. స్వభావమే లేనప్పుడు, అదియే ఇది యనునది పిలుపు మాత్రమే యైనప్పుడు, కొత్త ఇత్తడిని రసాయనముతో నల్లబరచి, పాత రేకొకటి సంపాదించి దానికి బిగించి, "శతవర్షముల నాటి పంకా" యని అమ్మిన తప్పేమి? వేడుక పెరిగిన ప్రతిచోట ఈ వ్యాపారము పెరుగును. దీనికి మాధ్యమికుడు సమ్మతించునని యెవ్వరైన తలచినచో అతడు రెండు సత్యముల మాటను సగమే చదివినాడు. పరమార్థమున వస్తువునకు తనదను స్వరూపము లేకపోవచ్చును. సంవృతిసత్యమునకు మాత్రము తన నియమములు తనకు కలవు, అవి కఠినములు. రథమును కుండ యనరాదు. నిన్న బిగించిన రేకును పుట్టుకతో వచ్చినదనరాదు. నిజమునకు, స్వభావమున్నదని నమ్మువానికంటె లేదని నమ్మువానికే ఈ నియమము ఎక్కువ అవసరము; మొదటివాడు వస్తువు తన గుర్తును తానే కాపాడుకొనునని నిద్రపోవచ్చును, రెండవవానికి మనము వ్రాసిన లెక్క తప్ప వేరు కాపుదల లేదు.

వస్తువులో లేని ఐక్యమును సంబంధము నిలుపుననుటకు మన మతాచారములే సాక్షి. మూలవిరాట్టునకు భంగము కలిగినప్పుడు ఆగమశాస్త్రము చెప్పిన జీర్ణోద్ధరణవిధి చూడుడు: దేవతాకళను కలశములోనికి ఆకర్షించి, శిథిలబింబమును నీటవిడిచి, కొత్త బింబమున మరల ఆవాహన చేయుదురు. శిల వేరు, స్వామి ఆయనయే, మొక్కుబడులు పాతవే చెల్లును. మహాశివరాత్రినాడు కోటప్పకొండకు పల్లెపల్లెనుండి తరలివచ్చు ప్రభలు ఏటేట కొత్త వెదురుతో, కొత్త రంగుకాగితములతో, జనరేటరు కరెంటుతో వెలుగు దీపములతో లేచును. అయినను అది మా యూరి ప్రభయే, మా తాతలనాటి ప్రభయే. కారెంపూడిలో కార్తిక అమావాస్యతో మొదలై అయిదు దినములు జరుగు వీరారాధనలో, పల్నాటి వీరుల ఆయుధములైన కొణతములను నాగులేటిలో స్నానము చేయించి తెత్తురు. ఆ యినుము ఏ కొలిమిలో ఏనాడు పుట్టినదో అడుగుట లోహపరీక్షకుని పని. కొలుచువాడు అడుగడు, అతనికి అది ఆయుధము కాదు, వీరుడే. దసరా నాడు మిల్లులో మోటారునకు బొట్టు పెట్టువాడు వరుససంఖ్య చూచి పెట్టడు గదా.

అయితే నేను వీరభక్తుని ప్రక్కను లోహపరీక్షకుని ప్రక్కను ఒక్కమారే నిలువగోరుచున్నాను. అది సాధ్యమనుటకు మాచర్లకు పోయి నాగార్జునకొండను చూచిన చాలును.

నాగార్జునకొండ లోయను 1926లో ఎ. రంగస్వామి సరస్వతి గుర్తించెను. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేయుటతో ఆ లోయ నీట మునుగుట ఖాయమైనది, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకము కాలముతో పందెము. ఇక్ష్వాకుల స్తూపములను, విహారములను, ఘట్టములను నిలుపుకొనుటకు లోయలో చోటు లేదు. కొన్ని కట్టడములను ఇటుక ఇటుకగా ఊడదీసి కొండమీదికిని, అనుపునకును తరలించి, మరల కట్టిరి. కొన్నింటికి నమూనాలు మాత్రము నిర్మించిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి నీరు విడుచునాటికి విజయపురి జలాశయపు అడుగు. నేడు విజయపురి సౌత్ నుండి లాంచీ యెక్కి ఆ కొండకు పోయినవాడు చూచుచున్న ఇటుకలలో కొన్ని క్రీ.శ. మూడవ శతాబ్దమువి, వాని నడుమ సున్నము ఇరువదవ శతాబ్దముది, నేల వేరొకటి, దిగువ కృష్ణ వేరొకటి. ఇది ఆ విహారమేనా? నైయాయికుడు కాదనును, బౌద్ధుడు, తన విహారమే యైనను, కాదనును. కాని ఇది తరలించి కట్టినది, ఇది నమూనా యని పురావస్తుశాఖవారు చెప్పియున్నారు. ఎక్కడనుండి తెచ్చిరో నివేదికలలో వ్రాసియున్నారు. దాచలేదు గనుక అబద్ధము లేదు. చూచువాడు భక్తితో ప్రదక్షిణము చేయవచ్చును, పరీక్షకుడు కొలబద్ద తీయవచ్చును, ఒకరికొకరు అడ్డురారు.

పాత పంకాను పట్టుకొన్నవాడు చేయవలసినదియు ఇంతే యని నా తీర్పు. రాగి ఏనాడు మార్చితిమి, రెక్క ఏ పంకానుండి తెచ్చితిమి, రంగు క్రింద ఏ రంగుండినది, రేకు దీనిదేనా అరువుదా: ఇంత వ్రాసి పీఠము లోపల ఒక చీటీ అంటించినచో ప్రత్యభిజ్ఞకు ఆధారము కలిగినట్లే. వైండింగు పనివాని జిడ్డు పుస్తకమునకున్న ప్రామాణ్యము మెరుగుపెట్టిన ఇత్తడికి లేదు. ఇల్లు నిండ పంకాలు పేర్చుకొనుట అపరిగ్రహమునకు విరుద్ధము కాదా యని అడుగువారికి, విరుద్ధమే యని ఒప్పుకొనుట తప్ప నా యొద్ద సమాధానము లేదు; పుస్తకములు పేర్చుకొన్నవాడు ఆ ప్రశ్న అడుగకున్న మేలు.

ఒక్క చిక్కు మిగిలినది, అది పుణ్యమును గూర్చినది. నాగార్జునకొండ మహాచైత్యపు ఆయకస్తంభములమీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షమున, ఆయన మేనత్త చాంతిసిరి తన దానమును చెక్కించినది. మన దేవాలయములలో సీలింగుఫ్యాను రెక్కలమీద ఫలానావారి జ్ఞాపకార్థము ఫలానావారు సమర్పించిరని ఎఱ్ఱరంగుతో వ్రాయించుట ఆ సంప్రదాయమే. ఫ్యాను తిరుగుచున్నంతసేపు చదువ వీలులేదు గాని, కరెంటు పోయినప్పుడు భక్తులందరు తల యెత్తి చదువుదురు. ఇచ్చిన వస్తువును గ్రహీత అనుభవించుచున్నంత కాలము దాత పుణ్యము పెరుగుచుండునా యని ప్రాచీన బౌద్ధులలో వివాదము కలదు. పెరుగునన్నవారు రాజగిరికులు, సిద్ధార్థికులు మున్నగువారని కథావత్థు వ్యాఖ్య చెప్పును. వీరిరువురును ఆంధ్రశాఖలవారు, మనవారు. పుణ్యము ఇచ్చునప్పటి చిత్తములోనిది, దాత మరచి నిద్రించుచుండగా అదెట్లు పెరుగునని స్థవిరవాదులు ఎత్తిపొడిచిరి. నేను మనవారి పక్షమే. ఫ్యాను తిరిగినంతకాలము, దానిక్రింద ముసలమ్మ సేదదీరినంతకాలము, ఇచ్చినవాని ఖాతాలో ఏదో జమపడుచునే యుండవలెను.

కాని మోటారు కాలినది. వేరొక భక్తుడు డబ్బిచ్చి తిరిగి చుట్టించినాడు. ఇక మీదటి గాలి ఎవ్వరి దానము? స్థవిరవాదికి బాధ లేదు, మొదటి దాత లెక్క ఆనాడే ముగిసినది. ఆంధ్రశాఖీయునకే చిక్కు: రెక్కలు మొదటివానివి, రాగి రెండవవానిది, గాలి ఒక్కటి, వాటా వేయుట ఏ వినయపిటకమునకును శక్యము కాదు. ఒక గుడిలో దీనికి ధర్మకర్తలు తీర్పు చెప్పియుండగా చూచితిని. మొదటి రెక్కమీది పేరు చెరుపలేదు. రెండవ రెక్కమీద "వైండింగు ఖర్చు" అని స్పష్టముగా వ్రాసి, రెండవ దాత పేరు, సంవత్సరము వేయించిరి. మూడవ రెక్క ఇంకను ఖాళీగా నున్నది, బేరింగులు అరిగినపుడు ఎవ్వరైన ముందుకు రావచ్చును.